పీపాలు కట్టే విద్య

పోయిన వేసవిలో బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు లాబ్‌స్టర్ తిన్నాను. దాన్ని ఎలా పడతారో తిన్నాకే తెలిసింది. సముద్రం అడుగున బుట్ట, పైన తేలే బెండు, రెంటికీ మధ్య నిలువునా తాడు. దారిన పోయే తిమింగలానికి ఆ తాడే ఉరి.

ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు మిగిలినవి 400 లోపే. వాటిలో ఐదింట నాలుగింటి ఒంటిమీద తాళ్లు ఒరుసుకున్న గాట్లున్నాయి. చిక్కినది వెంటనే చావదు. ఈదుతున్నకొద్దీ తాడు కండలోకి దిగుతుంది, నోటికి చుట్టుకుంటే మేత ఉండదు. అలా నెలలు గడుస్తాయి. మన వీధి చివర కోళ్లు కోసేవాడు నయం.

విడిపించే విద్య మాత్రం నన్ను కట్టిపడేసింది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ కొసన ప్రావిన్స్‌టౌన్‌లో సెంటర్ ఫర్ కోస్టల్ స్టడీస్ అనే సంస్థ ఉంది. 1984లో వాళ్లు ఐబిస్ అనే హంప్‌బ్యాక్ తిమింగలాన్ని వల నుంచి విడిపించారు. వాళ్ల పద్ధతి వేటగాళ్లది! వెనకటికి బల్లెం దిగిన తిమింగలం మునగలేక అలసిపోవాలని తాడుకు పీపాలు కట్టేవారు. వీళ్లూ అదే చేస్తారు, పీపాల బదులు పెద్ద బెండ్లతో. అది అలిసి నెమ్మదించాక పొడుగాటి గెడ చాపుతారు. దాని కొసన కొడవలిలాంటి కత్తి, లోపలివైపే పదును, చర్మం తెగకుండా. నీళ్లలోకి ఎవరూ దిగరు. ఏ తాడు ముందు కోయాలో తేల్చుకోవడంలోనే ఉంది పనితనమంతా.

అయినా గ్యారంటీ లేదు. 2011లో ఫ్లోరిడా దగ్గర బేలా అనే రెండేళ్ల తిమింగలానికి మత్తు ఇచ్చి మరీ తాళ్లు కోశారు. నెల తిరక్కముందే చచ్చి తేలింది. 2017 జులై 10న కెనడాలో జో హౌలెట్ ఒక రైట్ తిమింగలాన్ని విడిపించాడు. వదిలించుకుని పోతూ అది విసిరిన తోక దెబ్బకు ప్రాణం పోయింది. ఆయన వయసు 59. ఆయనా లాబ్‌స్టర్లు పట్టే జాలరే.

ఇలాంటి మనుషుల ప్రాణాలమీద ఆధారపడే కన్నా తాడునే మార్చడం మేలని నా లెక్క. మసాచుసెట్స్‌లో 2021 నుంచి 1,700 పౌండ్ల లాగుడుకు తెగిపోయే తాడే వాడమన్నారు. నిలువు తాడు లేకుండా బెండును కూడా అడుగునే ఉంచి, పడవ నుంచి సంకేతం పంపితే పైకి తేలే బుట్టలూ వచ్చాయి. ఖరీదెక్కువ. ఆ భారం జాలరి ఒక్కడే మోయాలనడం అన్యాయం, తినేవాళ్లం మనమూ ఉన్నాం.

పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు లాబ్‌స్టర్ వడ్డిస్తే, తాడు లేని బుట్టలో పడిందేనా అని అడగండి. నేను అడగలేదు.