తెలిసిన పాత్ర – మారిన లోకం

తెలిసిన పాత్రను తెలియని లోకంలో చూడాలనే కోరిక ప్రేక్షకునికి ఎందుకు కలుగుతుంది? టెలివిజన్ సీరియళ్ల అభిమానులు తమకు ప్రియమైన పాత్రలకు వేరే జీవితాలు కల్పించుకొని ఆనందిస్తున్నారు. దీనిని పనిలేనివారి కాలక్షేపమని కొట్టిపారేయడం సులభం. కాని అభ్యుదయ విమర్శకుడు అంతటితో ఆగరాదు.

ఈ కోరిక మనకు కొత్తది కాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపంలో దొరికి మద్రాసు మ్యూజియం చేరిన చక్రవర్తి శిల్పాన్ని మాంధాతదిగా పండితులు గుర్తించారు. పురాణాలు సూర్యవంశ మహారాజుగా కీర్తించిన ఆ మాంధాతే, జాతక కథలో ఇంద్రుని సింహాసనం సగం దక్కినా తృప్తి చెందక, మొత్తం కోరి నేలకూలుతాడు. పేరు అదే, నీతి వేరు. మహారాజు కీర్తి ముందే తెలిసిన శ్రోతకు ఈ పతనం మరింత గట్టిగా తాకుతుంది. ఆకర్షణకు మూలం ఇక్కడే ఉంది. కొత్త పాత్రను రచయిత పరిచయం చేయాలి. తెలిసిన పాత్రను ప్రేక్షకుడే వెంట తెచ్చుకుంటాడు. రెంటినీ పోల్చి చూసే పని అతనిది. పోల్చడం అలవాటైనవాడు ప్రశ్నించడానికీ వెనుదీయడు.

అయితే ప్రతి మార్పూ ప్రశ్న కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో వ్యాసభారతంలో లేని శశిరేఖ నాయిక. ఆమె రూపంలో ఘటోత్కచుడు పెండ్లిపీటలెక్కుతాడు. సావిత్రి ముఖంలో రాక్షసుని పౌరుషం తొంగిచూస్తే హాలంతా నవ్వుతుంది. పాండవుల సంపద పోగానే మాట తప్పిన పెద్దరికం నవ్వులపాలౌతుంది. ఇది గొప్ప హాస్యమే. కాని తెర పడేనాటికి రాచరికం చెక్కుచెదరదు.

త్రిపురనేని రామస్వామి 'శంబూకవధ' (1920) దారి వేరు. తపస్సు చేసినందుకు శిక్ష పొందిన శూద్రుని పక్షాన నిలిచి, ఆ వధ ఎవరి ప్రయోజనం కోసమని నిలదీసిందా నాటకం. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త'లో సీత, తోట పెంచుకొనే శూర్పణఖను కలిసి మాట్లాడుతుంది. శత్రువులుగా నిలబెట్టబడిన ఇద్దరు స్త్రీలు ఒకరి బాధ ఒకరు తెలుసుకుంటారు. ఇక్కడ మారింది వేషం కాదు, సంబంధం.

1987లో మొదలైన దూరదర్శన్ రామాయణం ఇంటింటా ఒకే రాముణ్ణి నిలబెట్టింది. ఒకే రూపం పాతుకుపోయినచోట మరొక రూపాన్ని ఊహించడమే ధిక్కారమౌతుంది. కనుక విద్యార్థి, ఉపాధ్యాయుడు ఇటువంటి ప్రతి కల్పననూ ఒక ప్రశ్న అడగాలి: ఎవరి స్థానం మారింది? రాజును కాలేజీ కుర్రవాణ్ణి చేసి, దాసిని దాసిగానే ఉంచితే అది దుస్తుల మార్పిడి. దాసికి నోరు వస్తే అది సాహిత్యం.