స్కాట్స్ భాషలో వర్ణక్రమ భేదాలు – అల్గారిదమ్‌ల పోలిక పద్ధతులు: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
స్కాట్స్ భాషకు సర్వామోదం పొందిన వర్ణక్రమం లేదు. ఒకే పదానికి గల పలు లిఖితరూపాలను కంప్యూటర్ ద్వారా జతపరచే పద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ భాష లేఖనచరిత్రే కొలతకు ఆధారం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్కాట్స్, వర్ణక్రమం, రూపభేదాలు, అల్గారిదమ్, నిఘంటువు.

1. ఉపోద్ఘాతం

స్కాట్స్, ఇంగ్లీషుతో ఉమ్మడి మూలం గల జర్మానిక్ భాష. 2011 జనగణనలో 15 లక్షలకు పైగా ప్రజలు తమకు ఈ భాష మాట్లాడటం వచ్చునని తెలిపారు. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ పార్లమెంటులు విలీనమయ్యేనాటికే అధికార వ్యవహారాలలో ఇంగ్లీషు రాత బలపడింది. దానితో స్కాట్స్‌కు ప్రమాణ వర్ణక్రమం ఏర్పడే అవకాశం సన్నగిల్లింది. 1947లో ఎడిన్‌బరో కవులు రూపొందించిన లేఖన నియమావళి కూడా అందరి ఆమోదం పొందలేదు. కార్పస్‌లో ఒక రూపాన్ని వెతికిన పరిశోధకునికి అదే పదపు ఇతర రూపాలు దొరకవు. ప్రయోగసంఖ్యలు, వాటిపై ఆధారపడిన నిర్ణయాలు తప్పుతాయి. రూపభేదాలను జతపరచే అల్గారిదమ్‌ల అవసరం ఇక్కడే ఏర్పడింది. చర్చ రాతను గురించినది కనుక ఉదాహరణలను రోమన్ అక్షరాల పేర్లతో విడదీసి చూపడమైనది.

2. అక్షరాల దూరం

1965లో సోవియట్ గణితశాస్త్రవేత్త లెవెన్‌స్టైన్ ప్రతిపాదించిన కొలత, ఒక పదాన్ని మరొకటిగా మార్చడానికి ఎన్ని అక్షరాలను చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో లెక్కిస్తుంది. 'ఏమి' అనే అర్థంలో ప్రాచీన స్కాట్స్ రాత 'క్యూ-యు-హెచ్-ఎ-టి'. అదే అర్థం గల 'డబ్ల్యూ-హెచ్-ఎ-టి'కి దీని దూరం 2. 'అది' అనే అర్థం గల 'టి-హెచ్-ఎ-టి'కి కూడా దూరం 2. కొలత దృష్టిలో రెండూ సమానమే. ప్రాచీన స్కాట్స్‌తో పరిచయమున్న పాఠకునికి మాత్రం 'క్యూ-యు-హెచ్' అనే సముదాయం తరువాతి 'డబ్ల్యూ-హెచ్'కు సాటి అని తెలుసు. ఆ మార్పుకు తక్కువ విలువ కట్టే నియమాన్ని చేరిస్తే సందిగ్ధత తొలగుతుంది.

3. ధ్వని సంకేతం

1918లో అమెరికాలో పేటెంట్ పొందిన సౌండెక్స్ మనుషుల పేర్ల సూచికల కోసం పుట్టింది. తొలి అక్షరాన్ని నిలిపి, అచ్చులను వదిలి, హల్లులను అంకెలుగా మార్చడం దీని పద్ధతి. 'మంచి' అనే అర్థం గల జి-యు-ఐ-డి, జి-యు-డి-ఇ, ఈశాన్య ప్రాంతపు జి-డబ్ల్యూ-ఇ-ఇ-డి మూడింటికీ 'జి-300' అనే సంకేతమే వస్తుంది. ఇంతవరకు ఫలితం సరైనదే. అయితే 'వెళ్ళాడు' అనే అర్థం గల జి-ఎ-ఇ-డి, 'దారి' అనే అర్థం గల జి-ఎ-టి-ఇ కూడా అదే గుంపులో చేరుతాయి. స్కాట్స్‌లో రూపభేదాలు అచ్చులలో విస్తారం. అచ్చులను విస్మరించే సంకేతం భేదాలతోపాటు అర్థాలనూ చెరిపివేస్తుంది.

4. ప్రాంతం, సందర్భం

ఆబర్డీన్ పరిసరాలలో 'డబ్ల్యూ-హెచ్' స్థానంలో 'ఎఫ్' వినిపిస్తుంది. ఇతర ప్రాంతాల 'డబ్ల్యూ-హెచ్-ఐ-టి' అక్కడ 'ఎఫ్-ఐ-టి' అవుతుంది. 'పాదం' అనే అర్థంలోనూ 'ఎఫ్-ఐ-టి' స్కాట్స్ రచనలలో కనిపిస్తుంది. ఈ రూపానికి 'డబ్ల్యూ-హెచ్-ఐ-టి'తో దూరం 2. పాదాన్ని తెలిపే ఇంగ్లీషు పదం 'ఎఫ్-ఓ-ఓ-టి'తోనూ దూరం 2. రచన ఏ ప్రాంతానిదో తెలిస్తే కొంత మేలు. ఈశాన్య పాఠంలో రెండర్థాలూ సాధ్యమే కనుక ఇరుగుపొరుగు పదాలనూ పరిశీలించక తప్పదు.

5. లక్ష్యరూపం ఏది?

లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన వార్డ్ అనే సాధనం తొలి ఆధునిక ఇంగ్లీషు పాఠాల కోసం ఉద్దేశించినది. తన నిఘంటువులో లేని పదాన్ని అది రూపభేదంగా అనుమానిస్తుంది. ఇంగ్లీషు పదపట్టికతోనే దానిని స్కాట్స్‌కు వర్తింపజేస్తే 'ఎఫ్-ఐ-టి' ఇంగ్లీషు పదంగా చెలామణి అయి తప్పించుకుంటుంది. అచ్చమైన స్కాట్స్ పదాలు తప్పులుగా తేలుతాయి. ఇది సాంకేతిక లోపంతో ఆగదు. స్కాట్స్ అంటే చెడిన ఇంగ్లీషు అనే పాత అపోహకు యంత్రం ముద్ర వేసినట్లవుతుంది.

ప్రత్యామ్నాయం అందుబాటులోనే ఉంది. 1700 వరకు గల భాషకు ప్రాచీన స్కాట్స్ నిఘంటువు, ఆ తరువాతి భాషకు స్కాటిష్ జాతీయ నిఘంటువు ఉన్నాయి. 2004 నుండి ఈ రెండూ అంతర్జాలంలో ఒకేచోట లభిస్తున్నాయి. ప్రతి ఆరోపం కింద రూపభేదాలు, కాలనిర్దేశంతో ప్రయోగాలు ఉంటాయి. జతపరచవలసింది ఈ ఆరోపాలతోనే.

ఆధారపాఠాల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. స్కాట్స్ వికీపీడియాలోని వేలాది వ్యాసాలు ఆ భాష రాని సంపాదకుడు రాసినవని 2020లో బయటపడింది. ఇంగ్లీషు వాక్యాలకు స్కాట్స్ వేషం వేసిన అటువంటి రూపాలను అక్షరదూరం నిజమైన భేదాలుగానే స్వీకరిస్తుంది.

6. ముగింపు

అక్షరదూరం, ధ్వనిసంకేతం రెండూ పోలికకు సంభావ్య జంటలను సూచించగలవు. నిర్ణయానికి కాలం, ప్రాంతం, సందర్భం, నిఘంటువు ప్రమాణాలు కావాలి. పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో నిలిపే పరిష్కర్తవలె, అల్గారిదమ్ మూలరూపాన్ని యథాతథంగా ఉంచి, తన ప్రతిపాదనను విడిగా నమోదు చేయాలి. అప్పుడే తరువాతి పరిశోధకునికి దానిని అంగీకరించే, తిరస్కరించే వీలు ఉంటుంది.