కొండపల్లి కొయ్యగుర్రం: ఒక రూప విమర్శ

తెలుగు వాడుకలో 'కొయ్యగుర్రం' అనే మాటకు రెండు స్వభావాలు ఉన్నాయి. జానపద కథల్లోని కీలుగుర్రం కీలు తిప్పగానే ఆకాశానికి ఎగురుతుంది. రాకుమారుణ్ణి ఏడు సముద్రాల ఆవలికి చేరుస్తుంది. 1949లో వెలువడిన 'కీలుగుర్రం' చలనచిత్రం ఆ ఊహను తెరమీదికి తెచ్చింది. మూడు దశాబ్దాలు గడవక ముందే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత, నగ్నముని తన దీర్ఘ కవితకు 'కొయ్యగుర్రం' అని పేరు పెట్టినప్పుడు అదే మాట చలనం లేని వ్యవస్థకు ప్రతీక అయింది. ఒకచోట ఎగిరే గుర్రం. మరొకచోట ఎంత అదిలించినా కదలని గుర్రం. సాహిత్య విమర్శ ఈ రెండింటినీ పట్టించుకున్నది. కాని దివిసీమ ఉన్న నాటి ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే, కొండపల్లిలో, తరతరాలుగా బాడిసతో, ఉలితో, ఆకురాయితో చెక్కుతూ వచ్చిన అసలు కొయ్యగుర్రాన్ని విమర్శ దృష్టితో చూసినవారు అరుదు.

ఇందుకు కారణం లేకపోలేదు. హస్తకళల గురించి మనకు దొరికే రచనలలో అధికభాగం పరిచయ వ్యాసాలు, ప్రదర్శనల కరపత్రాలు. వాటిలో ప్రశంస ఉంటుంది, ప్రక్రియ వర్ణన ఉంటుంది. తారతమ్య వివేచన ఉండదు. అఖిల భారత హస్తకళల బోర్డు 1952లో ఏర్పడింది. ఉత్తమ కళాకారులకు జాతీయ పురస్కారాలు 1965లో ప్రారంభమయ్యాయి. ఆదరణకు వ్యవస్థ ఏర్పడింది గాని, ఏది మంచి బొమ్మ, ఏది కాదు అని కారణసహితంగా చెప్పే సంప్రదాయం మాత్రం ఏర్పడలేదు. విమర్శ లేనిచోట తీర్పు చెప్పే అధికారం కొనుగోలుదారుకు దక్కుతుంది. ఈనాడు కొండపల్లి గుర్రం ఎదుర్కొంటున్న అసలు చిక్కు ఇదే.

ముందుగా చరిత్ర విషయంలో ఒక వివరణ అవసరం. కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు లేక నకర్షాలు రాజస్థాన్ ప్రాంతం నుండి వలస వచ్చారని, తమ మూలపురుషుడు శివుని వల్ల శిల్పవిద్యను పొందిన ముక్తర్షి అని వారి సంప్రదాయం చెబుతుంది. ఈ వలస 16వ శతాబ్దంలో జరిగిందని కొన్ని రచనలు, రెడ్డిరాజు అనవేమారెడ్డి వారిని రప్పించాడని మరికొన్ని రచనలు పేర్కొంటాయి. ఒక్కొక్కప్పుడు రెండు మాటలూ ఒకే వాక్యంలో కనిపిస్తాయి. అనవేమారెడ్డి 14వ శతాబ్దపు ఉత్తరార్ధంలో పాలించినవాడు. 16వ శతాబ్దం నాటికి రెడ్డి రాజ్యం అంతరించి, కొండపల్లి గజపతుల చేతి నుండి శ్రీకృష్ణదేవరాయల చేతికి, అటుపైన గోల్కొండ సుల్తానుల చేతికి మారింది. కనుక ఈ రెండు కథనాలను కలిపి చెప్పడం చరిత్రకు సరిపడదు. అయితే వలస స్మృతికి విలువ లేదని దీని అర్థం కాదు. తాము పరాయి చోటి నుండి వచ్చి ఇక్కడి చెట్టును, ఇక్కడి దేవుళ్లను, ఇక్కడి పల్లె బతుకును తమవిగా చేసుకున్నామని ఒక వృత్తి సమూహం చెప్పుకునే మాట అది. తేదీగా అది నిలవదు. కళ స్వభావాన్ని తెలుపుతూ మాత్రం నిలుస్తుంది.

ఇక రూపం విషయం. కొండపల్లి గుర్రాన్ని చూసి, అసలు గుర్రంలా లేదనడం సులభం. మెడ మందం, కాళ్లు పొట్టి, కండరాల జాడ లేదు, కన్ను ఒక్క కుంచె గీత. దీన్ని అమాయకత్వమని కొందరు మెచ్చుకుంటారు, నైపుణ్యలోపమని మరికొందరు పెదవి విరుస్తారు. రెండు అభిప్రాయాలూ కొయ్యను గమనించనందువల్ల కలిగినవే. ఆ రూపం పదార్థం నుండి, పనిముట్టు నుండి తర్కబద్ధంగా పుట్టినది.

కొండపల్లి బొమ్మకు ఆధారం తెల్లపొణికి కొయ్య. అది మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. సన్నని సెగ మీద ఆరబెట్టి తేమను తీసివేసిన తరువాత ఉలికి ఎదురు చెప్పకుండా లొంగుతుంది. కాని మెత్తని కొయ్యలో పదునైన అంచు నిలవదు. సన్నని భాగం విరుగుతుంది. పైగా ఏ కొయ్యకైనా నార ఒక దిశలో నడుస్తుంది. ఒకే దుంగ నుండి మొత్తం గుర్రాన్ని చెక్కాలంటే, నార దేహం పొడవునా నడిస్తే కాళ్లకు అడ్డంగా పడుతుంది. కొద్దిపాటి తాకిడికే కాలు విరుగుతుంది. నార కాళ్ల వెంబడి నిలువుగా నడిస్తే, ముందుకు చాచిన ముట్టె బలహీనపడుతుంది. నాలుగు కాళ్ల జంతువును చెక్కే ప్రతివాడూ ఎదుర్కోవలసిన సమస్య ఇది.

కొండపల్లి కళాకారులు దీనికి కనుగొన్న సమాధానం అతుకు. అవయవాలను విడివిడిగా, వాటి వాటి నారకు అనుగుణంగా చెక్కి, చింతగింజల పొడిని, రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కు జిగురు మాత్రమే కాదు. అతుకు మీద మెత్తి, వేలితో దిద్ది, మెడ భుజంలో కలిసే వంపును, తొడ పొట్టలో కలిసే నునుపును తీర్చే పదార్థం కూడా. అనగా ఈ గుర్రం సగం చెక్కడం వల్ల, సగం మెత్తడం వల్ల రూపొందుతుంది. చెక్కడమంటే ఉన్నదాన్ని తీసివేయడం. మెత్తడమంటే లేనిదాన్ని చేర్చడం. శిల్పానికి చెందిన ఈ రెండు విరుద్ధ మార్గాలు అరచేతిలో ఇమిడే బొమ్మలో కలుసుకోవడం విశేషం. దాని పైన సుద్ద పూత, ఆ పూత మీద మేకవెంట్రుకల కుంచెతో రంగు. గుర్రం గుండ్రదనానికి, కండరాలు కనిపించకపోవడానికి కారణం ఈ మక్కు, ఈ సుద్ద. అవి చిన్న చిన్న గాట్లను కప్పివేస్తాయి. కనుక చెక్కేవాడు చిన్న వివరాల జోలికి పోడు. పెద్ద వంపులు మూడో నాలుగో తీసి ఆగుతాడు. ఎక్కడ ఆగాలో తెలియడమే ఇక్కడి ప్రతిభ.

ఇదే తెలుగుదేశంలో ఏటికొప్పాక గుర్రాన్ని దీని పక్కన నిలిపి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన మీద తిప్పి, తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తిరిగే యంత్రం నుండి వచ్చేవి గుండ్రని రూపాలే కాబట్టి అక్కడి గుర్రం స్తంభాలు, గోళాలు, శంకువుల కూర్పు. దానికి అందం లేదని కాదు. కాని అది కొలతకు లొంగిన అందం. కొండపల్లి గుర్రానిది చేతికి లొంగిన అందం. మొదటిదానిలో రెండు వైపులూ ఒకేలా ఉండకపోతే దోషం. రెండవదానిలో రెండు వైపులూ అచ్చంగా ఒకేలా ఉంటే అనుమానించవలసి ఉంటుంది.

అతికించి చేసే పద్ధతి తెలుగువారికే పరిమితం కాదు. భారతీయ హస్తకళలకు చిహ్నంగా ప్రసిద్ధి పొందిన బాంకురా మట్టిగుర్రం కూడా సారె మీద విడివిడిగా చేసిన బోలు భాగాల కలయికే. చెవులు, తోక చివర అమరుతాయి. దీనికి భిన్నమైనది స్వీడన్‌లోని డాలార్నా గుర్రం. అడవి పనివారు శీతకాలపు రాత్రులలో పిల్లల కోసం పైన్ కొయ్యలో కత్తితో చెక్కిన ఆట వస్తువు అది. అక్కడ అతుకు లేదు. కాలు విరగకుండా ఉండటానికి కాళ్లనే పొట్టిగా, లావుగా ఉంచారు. ఒకే సమస్యకు రెండు దేశాలు రెండు సమాధానాలు చెప్పాయి. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ మండపం ముందు పెద్ద గుర్రాన్ని నిలిపిన తరువాత ఆ బొమ్మ జాతీయ చిహ్నమైంది. నేడు దాని స్థూలరూపాన్ని రంపపు యంత్రం కోస్తున్నా, తుదిరూపాన్ని కత్తి పట్టిన చేయి ఇస్తుంది. యంత్రాన్ని ఎంతవరకు రానివ్వాలో అక్కడివారు నిర్ణయించుకున్నారు. మన వద్ద ఆ చర్చ ఇంకా మొదలు కావలసి ఉంది.

దేశ రాజధానిలో తెలుగు బొమ్మకు స్థానం లేదనడానికి వీలు లేదు. బాబా ఖరక్ సింగ్ మార్గ్‌లోని లేపాక్షి విక్రయశాల, 1994లో ఆరంభమైన దిల్లీ హాట్ దానికి అంగళ్లు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలనే ఇతివృత్తంగా తీసుకున్నది. కాని శకటం మీద బొమ్మ మనిషిని మించిన పరిమాణానికి పెరగక తప్పదు. చిన్నదనమే ప్రాణమైన రూపానికి అది గౌరవమే అయినా, పరీక్ష కూడా. ఈ బొమ్మ నిజంగా చేరవలసిన చోటు వేరు. యమునకు తూర్పున లక్ష్మీ నగర్ వంటి ఇరుకు వాడలో, రెండు గదుల అద్దె ఇంట్లో, గోడకు కొట్టిన ఒక అర దాని స్థానం. దసరాకు బొమ్మల కొలువు తీర్చడానికి మెట్లు అమర్చే చోటు లేని ఇంట్లో కూడా జానెడు గుర్రానికి చోటుంటుంది. జానెడు గుర్రం మాత్రమే అక్కడ ఇముడుతుంది. పిల్లవాడి పిడికిలికీ అదే అందుతుంది. పరిమాణం అలంకార విషయం కాదు, బొమ్మకూ ఇంటికీ మధ్య ఉన్న ఒప్పందం.

అంగడి ఈ ఒప్పందాన్ని క్రమంగా మార్చుతున్నది. రెండు మార్పులు ముఖ్యంగా పేర్కొనదగినవి. మొదటిది ఎనామిల్ రంగు. అది తడికి చెదరదు, దూరానికి మెరుస్తుంది. కాని మెరుపు వెలుగును తిప్పికొడుతుంది. మక్కుతో తీర్చిన మెత్తని వంపు మీద నీడ నిలవదు. చేయి చేసిన పనిని రంగు చెరిపివేస్తుంది. రెండవది వివరాల పట్ల మోజు. కళ్లెం, జీను, జూలు వెంట్రుకలు, పూసలు ఎక్కువైనకొద్దీ ధర పెంచవచ్చు. కొనేవాడు శ్రమను గీతల లెక్కన కొలుస్తాడు కాబట్టి, మెడ వంపులో ఉన్న శ్రమకు విలువ కట్టేవారు కరవవుతారు. ఫలితంగా బలహీనమైన దేహం మీద బలమైన అలంకారం కనిపిస్తుంది.

కళాకారుడు పొట్ట గడుపుకోవాలి కదా, కొనేవాడి అభిరుచిని కాదంటే ఎలా అనే ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. బొమ్మకు ఇంత అని కూలి లెక్కించుకునే ఇంట్లో రూపశుద్ధి గురించి ఉపదేశించడం అనుచితం. అయితే ఏటికొప్పాక అనుభవం ఇక్కడ గుణపాఠం. అక్కడ సి.వి. రాజు కృషి వల్ల సహజ వర్ణాలు తిరిగి వాడుకలోకి వచ్చాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులు అంగడిని దూరం చేయలేదు, కొత్త అంగడిని తెచ్చాయి. కనుక అభిరుచి మారదనుకోవడం సరికాదు. అది మారాలంటే దానికి కారణాలు చెప్పేవారు ఉండాలి.

ప్రభుత్వ వైపు నుండి ఒక విషయం పరిశీలించదగినది. ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వెలువడి 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు దాని నుండి మినహాయింపు లభించింది. పరీక్షల ఖర్చును భరించలేని కుటుంబాలకు ఇది రక్షణ అనడంలో సందేహం లేదు. కాని మినహాయింపు ఒక మెలికను కూడా మిగిల్చింది. పరీక్షకు నిలబడనక్కర లేదన్న వస్తువును తల్లి నిశ్చింతగా బిడ్డ చేతికి ఇవ్వగలదా? ఇవ్వలేని నాడు బొమ్మ అద్దాల బీరువాలోకి చేరుతుంది. తెలుగులో 'బొమ్మ' అంటే ఆటవస్తువు, ప్రతిమ, చిత్తరువు అన్నీ. ఆ మాటలోని మొదటి అర్థం జారిపోతే మిగిలేది అలంకార వస్తువే. సహజ వర్ణాల ప్రశ్న ఈ కారణంగా అందానికి మాత్రమే కాక, బొమ్మ అస్తిత్వానికి కూడా సంబంధించినది.

ఈ నేపథ్యంలో కొండపల్లి గుర్రాన్ని అంచనా వేయడానికి కొన్ని ప్రమాణాలు సూచించవచ్చు. ఒకటి, రంగు వేయక ముందు బొమ్మను చూడాలి. సుద్ద పూత దశలోనే అది గుర్రంగా నిలవగలిగితే ఆ పని మంచిది. రెండు, చదునైన బల్ల మీద నాలుగు కాళ్లూ సమంగా ఆనాలి. అతుకులో తొందర ఉంటే ఇక్కడ బయటపడుతుంది. మూడు, మెడ నుండి వీపు మీదుగా తోక వరకు సాగే గీత ఎక్కడా తెగరాదు. నాలుగు, చేతిలోకి తీసుకున్నప్పుడు తేలికగా ఉండాలి. తెల్లపొణికి బదులు మరో కొయ్య వాడితే బరువే చెబుతుంది. పురస్కారాల నిర్ణేతలు, కొనుగోలు సంఘాల సభ్యులు ఈ నాలుగింటిని పాటించడానికి నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలు.

నాలుగవ ప్రమాణం చివరికి అడవి వద్దకు తీసుకుపోతుంది. తెల్లపొణికి నెమ్మదిగా ఎదిగే చెట్టు; నరికినంత వేగంగా తిరిగి రాదు. నేడు నాటిన మొక్క రేపటి తరం ఉలికి అందుతుంది. శిక్షణ కేంద్రాలకు, ప్రదర్శనలకు చేసే వ్యయంలో కొంత భాగమైనా ఈ చెట్ల పెంపకానికి నిలకడగా చేరకపోతే, మిగిలిన ప్రోత్సాహం పునాది లేని గోడ అవుతుంది.

లక్ష్మీ నగర్ మెట్రో స్టేషను నుండి యమున దాటి మూడవ స్టేషనులో దిగితే, చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన జాతీయ హస్తకళల మ్యూజియం చేరువలోనే ఉంటుంది. అటువంటి సంస్థలు ఒకే కళకు చెందిన పూత వేయని బొమ్మను, సుద్ద పూసిన బొమ్మను, రంగు వేసిన బొమ్మను పక్కపక్కన నిలిపి చూపగలిగితే, చూసేవారి కంటికి అంతకు మించిన పాఠం ఉండదు. బాగా చెక్కిన కొయ్యగుర్రం కదలదు. అయినా కదలబోతున్నట్టు ఉంటుంది. ఆ చిన్న తేడాను గుర్తించే కన్ను సమాజానికి ఉన్నంతకాలమే దాన్ని చెక్కే చేయి కూడా ఉంటుంది.