ముసుగు మనుషుల తరువాత క్రీస్తు: 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' పై ఒక పరిశీలన

జాతుల గురించిన మూసభావనలను సినిమా ఎలా పెంచుతుందో చెప్పేవారు డి. డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (1915) పేరు తప్పక ఎత్తుతారు. అయితే దాని మూలకథ ఒక బాప్టిస్టు బోధకునిదన్న సంగతి మన తరగతుల్లో అంతగా చర్చకు రాదు. థామస్ డిక్సన్ బోస్టన్, న్యూయార్క్ సంఘాల్లో కాపరిగా పనిచేశాడు. సంఘసేవ విడిచాక 1905లో 'ది క్లాన్స్‌మన్' నవల ప్రచురించాడు. సంఘాన్ని విడిచాడే గాని ప్రసంగించడం మానలేదు.

ఈ సినిమా అబద్ధమని కొట్టివేయడం తేలిక. అది ఎలా నమ్మించిందన్నదే పరిశీలించదగిన విషయం. దక్షిణ కెరొలినా శాసనసభ దృశ్యం చూడండి. మొదట ఖాళీ సభామందిరం కనబడుతుంది. ఇది 1870 నాటి సభకు చారిత్రక ప్రతిరూపమనీ, ఫోటో ఆధారంగా నిర్మించామనీ తెరమీది అక్షరాలు చెబుతాయి. మరుక్షణం ఆ కుర్చీలు నల్లజాతి సభ్యులతో నిండిపోతాయి. ఒకడు సీసా ఎత్తి తాగుతుంటాడు, ఒకడు బూటు విప్పి కాలు బల్లమీద పెడతాడు. గది నిజమైనదే కనుక మనుషులూ నిజమేనని ప్రేక్షకుడు అనుకుంటాడు.

వాస్తవం వేరు. అన్ని జాతుల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలు ఉండాలన్న 1868 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని రూపొందించిన సభలో నల్లజాతి ప్రతినిధులే అధికులు. వారిలో ఒకరైన రిచర్డ్ కెయిన్ ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘ కాపరి, తరువాత అమెరికా కాంగ్రెసు సభ్యుడు. అటువంటి దైవసేవకునికి గ్రిఫిత్ సభలో కుర్చీ దొరకలేదు.

తెల్లయువతిని వెంటాడే 'గస్' పాత్రను వేసినది ముఖానికి నల్లరంగు పూసుకున్న వాల్టర్ లాంగ్ అనే తెల్లనటుడు. అంటే ప్రేక్షకులను భయపెట్టినది తెల్లవారి ఊహే. (స్పర్జన్ 1866లో ప్రవేశపెట్టిన మాటలులేని పుస్తకంలోని నల్లపేజీని మన ఆదివారపు బడుల్లోనూ పాపమని చూపిస్తాం. ఆ సమయంలో ఒక పిల్లవాడు తన చేతివైపు చూసుకోవడం నేను గమనించాను. ఆ తరువాత ఆ పుస్తకం వాడలేకపోయాను.)

నా దృష్టిలో గస్ కంటె ప్రమాదకరమైనది ముగింపు. ముసుగు ధరించిన క్లాన్ సభ్యులు ఆయుధాలతో నిలబడి, నల్లవారిని ఓటు వేయకుండా ఆపుతారు. కొద్దిసేపటికే యుద్ధదేవత మాయమై తెరమీద క్రీస్తు ప్రత్యక్షమవుతాడు, పరలోక పట్టణం కనబడుతుంది. వేదాంత విద్యార్థి దీనిని అంత్యదిన బోధగానే చదవాలి: నల్లవారు అణగిన తరువాత వచ్చే దేవుని రాజ్యం! చూసినవారికి ఆ వరుస బాగానే అర్థమైంది. అదే సంవత్సరం, ఒకప్పుడు మెథడిస్టు బోధకుడైన విలియం సిమన్స్ జార్జియాలోని స్టోన్ పర్వతం మీద సిలువను కాల్చి క్లాన్‌ను పునఃస్థాపించాడు. సిలువను కాల్చడం పాత క్లాన్ ఆచారం కాదు, డిక్సన్ నవలనుండి వచ్చినది.

నల్లజాతీయుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. సినిమాను నిషేధించమని పోరాడింది. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో 'విదిన్ అవర్ గేట్స్' తీశాడు. చాలాకాలం కనబడకుండాపోయిన ఈ చిత్రం ప్రతి ఒకటి స్పెయిన్‌లో దొరికింది. ఇందులోనూ ఒక బోధకుడున్నాడు. నెడ్ అనే ఆ నల్లజాతి కాపరి ఉన్నదానితో తృప్తిపడమని తన సంఘానికి బోధించి, తెల్లదొరల దగ్గర వంగి నిలబడతాడు. వారు తన్నితే నవ్వుతాడు. గది బయటికి రాగానే ఆ నవ్వు పోతుంది. చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు తానేనని ఒంటరిగా ఒప్పుకొంటాడు.