పత్రికానామ స్వామ్యం: కోనసీమ దృష్ట్యా ఒక విమర్శ

పత్రిక పేరు యజమానికి ఆస్తి, పాఠకునికి హామీ, పరిశోధకునికి ఆధారం. 1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం ఒకే భాషలో గాని, ఒకే రాష్ట్రంలో గాని వెలువడుతున్న పత్రిక పేరును, దానిని పోలిన పేరును మరొకరికి నిరాకరించింది. అది పాలనాపరమైన కట్టడి మాత్రమే. వాణిజ్యస్వామ్యాన్ని తేల్చేది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం.

‘టైమ్’ పేరును, ఎర్రని అంచును అనుకరించిన హిందీ పత్రికపై 2005లో ఢిల్లీ హైకోర్టు శిక్షారూపంగా 5 లక్షల రూపాయల పరిహారం విధించింది. భాష మారినంత మాత్రాన భ్రాంతి తొలగదని దీనివల్ల గ్రహించవచ్చు. అయితే ప్రతివాదుల గైర్హాజరులో వెలువడిన ఈ తీర్పును అన్ని వివాదాలకూ కొలమానంగా స్వీకరించరాదు.

‘కోనసీమ’ అనే పేరును అమలాపురం, రాజోలు, కొత్తపేటల ప్రచురణకర్తలు వేర్వేరుగా కోరుకున్నారనుకుందాం. స్థలనామం సహజంగా ఎవరి సొత్తూ కాదు. కాని దీర్ఘకాల వినియోగంతో విశిష్టత సిద్ధిస్తే చట్టం దానికీ రక్షణ కల్పిస్తుంది. ఆ రక్షణ పూర్తి శీర్షికకు, ముఖపత్ర రూపానికి పరిమితం కావాలి. ప్రాంతనామం ఉమ్మడిగానే మిగలాలి. పరిశోధకులు సైతం పత్రిక పేరుతోపాటు ప్రచురణస్థలాన్ని, సంవత్సరాన్ని తప్పక పేర్కొనాలి. లేనిచో ఒక పత్రిక చరిత్ర మరొకదాని ఖాతాలో చేరుతుంది.