రోమకప్రియశబ్దవిచారము

నల్లసముద్రపు టుత్తరతీరమందలి బోస్పొరసురాజ్యచరిత్రమునకు యవనశాసనములు ముఖ్యాధారములు. క్రీ. పూ. 1వ శతాబ్దమునుండి యా రాజులు వీనిలో 'ఫిలోరోమయోస్' అను బిరుదమును ధరించిరి. కొందఱు చరిత్రకారులు దీనిని, రోముసభవా రొసఁగెడు 'రోమకమిత్రుఁ'డను లాటినుబిరుదముతో నేకముచేసి, యింతమాత్రముననే యా రాజులు పరతంత్రులని నిర్ణయించుచున్నారు. ఇది విగ్రహవాక్యము నరయని నిర్ణయము.

లాటినుబిరుద మిచ్చువారి మాట. యవనబిరుదము ధరించువారి మాట. 'రోమకులు ప్రియులుగాఁ గలవాఁడు' అనియే దీని యర్థము. 'రోమకులకుఁ బ్రియుఁడు' అని కాదు. సంస్కృతమున 'రోమకప్రియ' యనినచో బహువ్రీహియుఁ గావచ్చును, షష్ఠీతత్పురుషమును గావచ్చును. యవనమున 'ఫిలో' పూర్వపదమైనపు డా సందేహమునకుఁ జోటు లేదు. డ్యునమిస్ రాణి యగస్టసునకుఁ బ్రతిమ నెత్తించి, యాతనిని రక్షకుఁ డనియు నుపకర్త యనియుఁ గొనియాడుచుఁ దన్ను రోమకప్రియ యని చెప్పుకొన్నది.

రెండవ సౌరొమతుఁడును రోమకప్రియుఁడే. తనాయిసున దొరకిన శాసనము బోస్పొరసుశకము 490, అనఁగా క్రీ. శ. 193 నాఁటిది. సిరాకులను స్కూథులను జయించి తౌరికదేశమును సంధిచేఁ గైకొన్న వార్త దానఁ గలదు. బిరుదమే దాస్యమునకు సాక్ష్యమైనచో నీ సంధివిగ్రహము లెవ్వరివి? రోమకాశ్రయము లేదని చెప్పుట కాదు. దానికి సాక్ష్యములు వేఱు: రాజులు వహించిన టిబేరియస్ యూలియస్ అను రోమకనామములు, నాణెములపైఁ జక్రవర్తి శిరస్సు.