బడికి కంప్యూటరు చేరాక

బడుల్లో డిజిటల్ అంతరాన్ని తగ్గించాలని పెట్టే స్వచ్ఛంద సంస్థ మొదట తేల్చుకోవలసింది ఆ అంతరం ఎక్కడుందన్నది. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికి, పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి కంప్యూటరు ఉంది. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ పల్లెల్లోనూ దాదాపు ఇంటింటికీ వచ్చింది. 2024 అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ గ్రామీణ పిల్లల్లో 82 శాతం మంది ఫోను వాడగలమన్నారు. వాళ్ళలో అంతకుముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. వాడగలమన్నవాళ్ళలో సొంత ఫోను మగపిల్లల్లో 36 శాతానికి, ఆడపిల్లల్లో 27 శాతానికి ఉంది. ఇక బడుల సంగతి. 2024-25 నాటి ప్రభుత్వ యూడైస్ లెక్కల్లో దేశంలోని 64.7 శాతం పాఠశాలల్లో కంప్యూటర్లు, 63.5 శాతంలో ఇంటర్నెట్ ఉన్నాయి. ఆ కంప్యూటరు ముందు ఏ పిల్ల ఎంతసేపు కూర్చుందో మాత్రం ఆ లెక్క చెప్పదు. సంస్థ పని అక్కడే మొదలవుతుంది.

రిజిస్ట్రేషన్ కాగితాలకంటే ముందు కొన్ని బడులు తిరగడం మేలు. ఏం కావాలని అడిగితే హెచ్‌ఎంలు కంప్యూటర్లే కావాలంటారు. ఉన్నవాటిని చూపించమంటే అసలు సంగతి బయటపడుతుంది. బ్యాటరీలు చచ్చిపోయిన యూపీఎస్, ఎర్తింగ్ లేని ప్లగ్గు, కోతులు తెంపేసిన కేబులు, తాళం దగ్గర పెట్టుకున్న మాస్టారు బదిలీ అయ్యాక తెరవని గది. పాడైతే తన మెడకు చుట్టుకుంటుందని యంత్రాన్ని పిల్లల దాకా రానివ్వని హెచ్‌ఎంలూ ఉంటారు. వాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. స్టాక్ రిజిస్టర్లో సంతకం వాళ్ళది, బడికి వచ్చే గ్రాంటు మరమ్మతులకు చాలదు. టైమ్‌టేబుల్లో కంప్యూటరు పీరియడ్ ఉందా, ఉంటే దాన్ని పదో తరగతి లెక్కలు మింగేస్తున్నాయా, ఒక తెర ముందు నలుగురు కూర్చుంటే మౌస్ ఎవరి చేతిలో ఉంటోంది, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తున్నారా అన్నవి కళ్ళతో చూసి రాసుకోవాలి. ఏ దరఖాస్తు ఫారంలోనూ ఈ గడులు ఉండవు.

జరిగిన ప్రయత్నాల చరిత్ర కూడా చదవదగ్గదే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య ప్రారంభించి, నిర్వహణను ఐదేళ్ళ ఒప్పందం మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. బోధకులూ ఆ సంస్థల మనుషులే. గడువు తీరగానే వాళ్ళు వెళ్ళిపోయారు, నేర్పేవారు లేక చాలా బడుల్లో యంత్రాలు మూలపడ్డాయి. అంతకుముందే, 2001లో, కేరళ ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలుపెట్టి, బడిలో రోజూ పాఠం చెప్పే ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చుకుంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంది. 2017లో కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారి అది ఇప్పటికీ నడుస్తోంది. దూరదేశం పెరూలో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన కార్యక్రమాన్ని 319 పల్లె బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్లు బాగా పెరిగాయి, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేర్పే కేంద్రాలపై 2019లో వెలువడిన అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో గట్టి మెరుగుదల కనిపించింది. అక్కడి సాఫ్ట్‌వేర్ ఒక్కో పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి ప్రశ్నలిచ్చేది, పక్కన సాయం చేసే మనిషీ ఉండేవాడు.

ఇవి చూశాక రిజిస్ట్రేషన్. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెడతారు, దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సబ్ రిజిస్ట్రార్ వద్ద ట్రస్టు డీడ్ రాయించుకోవడం రెండో దారి. కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ మూడోది, లెక్కల క్రమశిక్షణ దానికే ఎక్కువ. దేనికైనా ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ, 80జీ అనే పేర్లతో అందరికీ తెలిసిన నమోదులు ఉండాలి.

డబ్బు దగ్గరే కొత్తవాళ్ళు తొట్రుపడతారు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు పొందాలంటే సంస్థకు మామూలుగా మూడేళ్ళ పని చరిత్ర, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. విదేశీ విరాళాలకు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలన్నా మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు తమ ఊరి బడికి ఏదైనా చేయాలని ఎంతో ప్రేమతో ముందుకొస్తారు, చిక్కు అక్కడే వస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అన్నదమ్ములిద్దరిలో ఒకరి డబ్బు తీసుకోవచ్చు, రెండోవారిది ఆ రిజిస్ట్రేషన్ లేకుండా కూడదు. ఈ తేడా దాతలకు ముందే చెప్పాలి. మొత్తంమీద తొలి మూడేళ్ళూ చిన్న దాతల మీదే నడవాలి. ఇది లోటనిపించినా, మూడు నాలుగు బడులను వదలకుండా చూసుకోవడానికి ఆ కాలం పనికొస్తుంది. నలభై బడులతో మొదలుపెట్టి ఫొటోలు దిగేకంటే ఇదే పిల్లలకు మేలు.

యంత్రాల కొరత ఇప్పుడు మునుపటంత లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగిపోయింది, కొత్త విండోస్‌కు పనికిరావని కంపెనీలు పక్కన పెట్టే కంప్యూటర్లు ఎన్నో. వాటిలో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టి, లైనక్స్ వేస్తే బడి అవసరాలకు ఇంకొన్నేళ్ళు పనిచేస్తాయి. పాత డిస్కులోని సమాచారాన్ని పూర్తిగా తుడిచామని దాతకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పనికిరానివాటిని మొహమాటపడకుండా వద్దనాలి. తీసుకుంటే 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు అప్పగించే బాధ్యత నెత్తిన పడుతుంది. నెట్ నిలకడ లేని చోట కొలిబ్రి, కివిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పాఠాలు, తెలుగు వికీపీడియా ఒక చిన్న కంప్యూటరులో నింపి, సిగ్నల్ లేకున్నా తరగతి మొత్తానికీ వైఫైలో అందించవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ ఉపాధ్యాయులతో. ఒక్కరోజు శిక్షణ తరగతి పెట్టి సర్టిఫికెట్ ఇస్తే ఏమీ మిగలదు. జీవశాస్త్రం టీచరు గుండె పాఠం చెప్పే వారానికి గుండె కొట్టుకునే యానిమేషన్ వెతికిపెట్టి, తరగతిలో ఆమె పక్కన కూర్చుని నడిపించి, మళ్ళీ వారం వెళ్ళి ఎలా జరిగిందని అడిగితే అలవాటు పడుతుంది. పిల్లలకు తెలుగులో టైపు చేయడం మొదటే నేర్పాలి. తన భాషలో ప్రశ్న రాయగలిగిన పిల్ల ఎవరినీ బతిమాలకుండా వెతుక్కుంటుంది. యాప్‌లలో పేర్లు, ఫోన్ నంబర్లు నమోదు చేసేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది.

ఎన్ని కంప్యూటర్లు పంచామన్నది దాతల నివేదికకు సరిపోతుంది. బడికి సరిపోయే లెక్కలు వేరు. వారంలో గది ఎన్ని పీరియడ్లు తెరిచారు, అందులో ఆడపిల్లలు ఎంతసేపు తెర ముందున్నారు, పాడైన యంత్రం ఎన్ని రోజుల్లో బాగైంది, కంప్యూటరు వాడిన పాఠం ఎంతమందికి వచ్చింది. ఎప్పుడు తప్పుకుంటారో కూడా మొదటి రోజే డీఈఓతో, పాఠశాల యాజమాన్య కమిటీతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బ్యాటరీ ఖర్చు ఏ ఏడాది నుంచి ఎవరిది, దగ్గరి పట్నంలో మరమ్మతు చేసేవారెవరు, ఒక టీచరు బదిలీ అయితే చూసుకునే రెండో టీచరు ఎవరు అన్నది అందులో ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లలు కొందరికి కేబుళ్ళు మార్చడం, లైనక్స్ మళ్ళీ వేయడం నేర్పితే, మరుసటేడు వాళ్ళే కింది తరగతికి నేర్పుతారు. చివరి విద్యాసంవత్సరంలో సంస్థ మనుషులు రావడం మానేసి ఫోనుకే అందుబాటులో ఉండాలి. ఆ ఏడాదంతా పీరియడ్లు తగ్గకుండా నడిస్తే అక్కడి పని పూర్తయినట్టే, తర్వాతి బడిని ఎంచుకోవచ్చు.